అవ్వ వాకిట్లో ఎండ

మా పక్కింటి అవ్వ పోయింది. రెండు వారాల కిందట, సోమవారం పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే, కర్దనూరు నుంచి వచ్చి ఉన్న ఆమె కూతురు గోడ దగ్గరికొచ్చి "సారూ, మా అవ్వ లేస్తలేదు" అంది. మేం వెళ్లేసరికే ఒళ్లు చల్లబడిపోయింది. చలి తట్టుకోలేకపోయిందన్నారు అందరూ. నేను మాత్రం తల ఊపలేకపోయాను.

సంగారెడ్డిలో మా వీధిలో ఎండను ఆమెలా వాడుకున్నవాళ్లు లేరు. ఆమె పొయ్యి మీద నీళ్లు కాచగా నేను చూడలేదు. రాగి బిందెకు బయట మసి పూసి, నీళ్లు నింపి, మూతపెట్టి వాకిట్లో పెట్టేది. మధ్యాహ్నానికి అవి చేతికి చురుక్కుమనేవి. వీధిలో ఎవరింట్లో పురుడొచ్చినా పసిబిడ్డ స్నానానికి నీళ్లు అక్కడినుంచే. మా పాపకూ అంతే. వంకాయ, కాకర, మామిడి ముక్కలు ఎండబెట్టి, ఆ ఒరుగులు సంతలో అమ్ముకుని బతికేది.

"మసి ఎందుకవ్వా?" అని ఒకసారి అడిగాను.

"నల్లగున్నది ఎండను తాగుతది సారూ, తెల్లగున్నది తోలేస్తది. గిది గూడ సదువుకోలేదా నువ్వు?"

చదువుకున్నాను, ఉర్దూ పుస్తకంలో; మా చదువులప్పుడు బళ్లో అంతా ఉర్దూయే. బడిలో పాఠాలు తెలుగులోకి మారిన కొత్తలో మాటలు దొరక్క తడుముకుంటూ, అవ్వ మాటలనే పిల్లలకు చెప్పాను. వాళ్లకు వెంటనే అర్థమైంది. ఆమె పేరు మాత్రం చెప్పలేదు. ఢిల్లీలో అద్దాలతో ఎండను పట్టి అన్నం వండుతున్నారని పత్రిక చదివి వినిపిస్తే పడీపడీ నవ్వింది. "ఇన్నేండ్లకు దొరలకు ఎండ కండ్లవడ్డదా!"

మూడేళ్ల కిందట మేం మేడ వేశాం. మా ఇల్లు ఆమె వాకిలికి దక్షిణాన ఉంది. నడి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, గోడలు లేస్తుంటే వచ్చి అడిగింది. "సారూ, మీ గోడ నీడ నా వాకిట్లకు రాదు గద?"

సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉన్నాడు. నేను నేల చూపించి, "ఏడొస్తదవ్వా? సూడు, నీడ గోడ మొదట్లనే ఉన్నది" అన్నాను. సైన్సు సారు చెప్పిన మాట కదా, నమ్మింది.

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడని, నీడలు ఉత్తరానికి సాగుతాయని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. మా గోడ దగ్గర అది గుర్తుకు రాలేదో, నేనే రానివ్వలేదో ఇప్పటికీ తేల్చుకోలేను. కార్తీకం వచ్చేసరికి ఆమె వాకిలంతా నీడే.

తిట్టి ఉంటే బాగుండేది. ఒరుగుల చాటలు వీధిలో, బండ్ల దుమ్ములో పెట్టుకుంది. మా మేడ మీద ఎండబెట్టుకొమ్మన్నాను. "మెట్లెక్కెటందుకు నాకు మోకాళ్లు ఏడున్నయి బిడ్డా" అంది. పిలిచాను, తనే రానంది అనుకుని తేలికపడ్డాను. సిగ్గుతోనే రాస్తున్నాను ఈ మాట. తప్పు నాదేనని చెప్పాలని మూడు చలికాలాలు అనుకున్నాను. గోడ మీదుగా "బాగున్నవా అవ్వా?" అని అడగడంతోనే సరిపెట్టాను.

పసిపిల్లల నీళ్లు మాత్రం దుమ్ములో పెట్టనంది. పోయిన చలికాలం ఎక్కడిదో పగిలిన నిలువుటద్దం ముక్క తెచ్చి, ఎండ తగిలే వీధి అరుగు మీద ఆనించింది. ఆ వెలుగు వాకిలి గుమ్మంలోంచి లోపలికి వెళ్లి నీడలో ఉన్న బిందె మీద పడేది. అది చూసి నేనేం చేశాను? మెచ్చుకున్నాను. "శభాష్ అవ్వా, అసలు సైన్సు సారువు నువ్వే" అన్నాను. నవ్వి, బిందె మూత సరిచేసుకుంది.

దినాలయ్యాక కూతురు తాళంచెవి మాకిచ్చి కర్దనూరు వెళ్లిపోయింది. నిన్న ఆదివారం ఆ బిందె నింపి, మట్టిలో దాని గుండ్రటి గుర్తు మీదే పెట్టి, అద్దం సరిచేసి అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికే వెలుగు బిందె దాటి పక్కకు జరిగింది. లేచి అద్దం తిప్పాను. మళ్లీ జరిగింది. మళ్లీ లేచాను. మధ్యాహ్నానికి నా మోకాళ్లే పట్టేశాయి. నీళ్లు గోరువెచ్చన కూడా కాలేదు.

మెట్లెక్కడానికి మోకాళ్లు లేవన్న మనిషి రెండు చలికాలాలు, పొద్దంతా ఇలా లేస్తూ కూర్చుంటూ గడిపింది. గోడకు ఇవతల ఉండి నేను మెచ్చుకున్నది దాన్నే.

ఆఖరుసారి అద్దం తిప్పలేదు. అరచేయంత వెలుగు బిందె మీంచి జారి, నేల మీదుగా పాకి, మెల్లగా మా మేడ గోడ ఎక్కింది.