బిళ్ళగన్నేరు గురించి నేను దాచిన సగం

ఒక మాట మోసుకుంటూ ఏళ్లుగా తిరుగుతున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సౌదీలో, అల్ ఖర్జ్‌లో, నేను ఒక పెద్ద మందుల ప్రయోగశాలలో పనిచేశాను. కాదు. చూశారా, మళ్లీ మొదలుపెట్టాను. పనిచేసింది మొక్కల నర్సరీలో. కుండీలకు నీళ్లు పట్టేవాణ్ణి.

రోడ్ల పక్కన నాటడానికి అక్కడ బిళ్ళగన్నేరు నారు పెంచేవాళ్లం. ఒకరోజు మా ఈజిప్టు ఇంజనీరు ఆ మొక్క చూపించి చెప్పాడు. క్యాన్సర్ కణం రెండుగా చీలాలంటే లోపల సన్నని దారాలు అల్లుకోవాలట. ఈ మొక్కలోని పదార్థం ఆ దారాల ముక్కలను పట్టుకుని అల్లుకోనివ్వదట. కణం సగంలో ఇరుక్కుని చస్తుందట. ఆయన అంతటితో ఆపలేదు. బండెడు ఆకు నుంచి చిటికెడు మందు తీస్తారని, దాన్ని కొలిచి నరంలోకి ఎక్కిస్తారని, ఆకు నేరుగా తింటే విషమని కూడా చెప్పాడు.

మేముండే లేబర్ క్యాంపులో నేను మొదటి సగమే చెప్పాను. రెండోది కూడా చెబితే నన్ను ‘డాక్టర్ కాకా’ అని ఎవరు పిలుస్తారు?

నా గదిలోనే లింగయ్య ఉండేవాడు. సిరిసిల్ల వైపు మనిషి, నర్సరీలో పైపులు వేసేవాడు. అతనికి మెడ మీద గడ్డ లేచింది. సౌదీవాళ్లను తగినంతమందిని పెట్టుకోలేదని నితాఖత్ లెక్కలో మా కంపెనీ ఎరుపు రంగులో పడి, ఎవరికీ ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాలేదు. ఇన్సూరెన్స్ కార్డు పనిచేయడం మానేసింది. పరాయి దేశపు పనివాళ్ల మీద సర్కారు వేసిన తలకింత లెవీ కట్టలేక కంపెనీ మనుషులను ఇంటికి పంపడం మొదలుపెట్టింది. ఊరికి పోయి చూపించుకుందామని లింగయ్య ఎగ్జిట్ లిస్టులో పేరు రాయించుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

“కాకా, నిజం జెప్పు. నీ ఆకుతోని తగ్గుతదంటే లిస్టుల పేరు కొట్టేపిస్త.”

“కొట్టేపియ్యి. ముగ్గురికిచ్చిన. గుర్రాల్లెక్క ఉరుకుతున్నరు.”

“కండ్లార సూశినవా?”

“నీ మీదొట్టు.”

“నా మీదెందుకే? నీ మీద ఏస్కో!”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ముగ్గురు ఎక్కడా లేరు.

లింగయ్య పేరు కొట్టేయించుకున్నాడు. మరో లిస్టు రావడానికి ఏడు నెలలు పట్టింది. అన్నాళ్లూ పొద్దున్నే నేనే కషాయం కాచి ఇచ్చాను. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే మందు పనిచేస్తోందన్నాను. మెడకు రెండోవైపు కూడా గడ్డ తేలినప్పుడు నాకు అర్థం కాలేదా? అయింది. ఆపెయ్యమంటే ఆ ముగ్గురి సంగతి అడుగుతాడని, అడిగితే నా పరువు పోతుందని, ఇంకొక్క వారం చూద్దామని నాకు నేనే చెప్పుకుంటూ పొయ్యి వెలిగించాను. మనిషి ప్రాణం కంటే నా కోతలు ఎక్కువయ్యాయా? అయ్యాయి.

ఆ లిస్టులో ఊరికి పోయిన కొన్నాళ్లకు హైదరాబాదు దవాఖాన నుంచి లింగయ్య ఫోన్ చేశాడు. ఆ మొక్క నుంచి తీసిన మందే ఎక్కిస్తున్నారట. నా మాట నిజమైందని సంబరపడ్డాడు. ముందే రావాల్సిందని డాక్టర్లు అన్నారని చివర్లో మెల్లగా చెప్పాడు.

అతను పోయాక భార్య ఫోన్ చేసింది. నన్ను తిట్టలేదు. ఇంటికి వచ్చాక కషాయం తనే కాచి పోసిందట. చేదని మారాం చేస్తే రెండు పూటలు మానేసిందట.

“గందుకే పాయెనా, మామా?”

“ఏమో బిడ్డా” అన్నాను.

అంతే అన్నాను. చేతులారా మొగుణ్ణి పోగొట్టుకున్నానని ఆమె ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది.

ఆమె తప్పేమీ లేదు. చంపింది నేను. ఈ మాట ఆమెకు చెప్పే ధైర్యం నాకు ఈరోజుకీ లేదు. కానీ రాశాను. ఇన్నేళ్లలో ఒక్క అక్షరం కూడా పెంచకుండా నేను చెప్పింది ఇదొక్కటే.