తాతాజీ తీసిన రత్తమ్మ ఫొటో

తాతాజీ కాకినాడలో ఒక దినపత్రికకి ఇరవై ఎనిమిదేళ్లుగా ఫొటోలు తీస్తున్నాడు. ఎక్కువగా రాజకీయాలే. సభలు, పాదయాత్రలు, ధర్నాలు. నాయకుల ముందు వెనక్కి వెనక్కి నడిచి మోకాళ్లు అరిగిపోయాయి. జెండాల రంగు మారేది గానీ ఆ దండలూ, ఆ తోపులాటా అవే.

ఆరేళ్ల కిందట ఒక పెద్ద నాయకుడు హార్బరు దగ్గర చేపల మార్కెట్టుకి వచ్చాడు. ఆ తోపులాటలో చేపలమ్మే రత్తమ్మ కాలు ఎవరో బూటుతో తొక్కేశారు. నొప్పికి ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే నాయకుడు ఆవిడ తలమీద చెయ్యేశాడు. తాతాజీ క్లిక్ కొట్టాడు. మర్నాడు మొదటి పేజీలో వేసి, కింద 'ఆనందబాష్పాలు' అని రాశారు డెస్కువాళ్లు. కాలు తొక్కడం తాతాజీ చూశాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ ఫొటోకి అతనికి శాలువా కూడా కప్పారు.

తర్వాత ప్రభుత్వం మారింది. ఒకరోజు రత్తమ్మ వెతుక్కుంటూ ఆఫీసుకి వచ్చింది.

"ఆ ఫొటో చూపించి నన్ను ఆ పార్టీదాన్నంటున్నారండి బాబుగారూ. ఇరవయ్యేళ్లుగా కూచునే చోటు లాగేసుకుని, బయట ఎండలో కూచోమన్నారు. ఆవేళ నేనెందుకు ఏడ్చానో మీకు తెలుసు కదండీ?"

తాతాజీ ఎడిటరుని సవరణ వెయ్యమని అడిగాడు. "ఆరేళ్లనాటి ఫొటోకి ఇప్పుడు సవరణేంటండీ?" అన్నాడాయన. దాంతో తాతాజీ, ఇప్పుడు అధికారంలో ఉన్న పార్టీ వార్డు నాయకుడు బుజ్జిబాబు దగ్గరికెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

బుజ్జిబాబు నవ్వాడు. "అదంతా ఎవరు వింటారు తాతాజీగారూ? రేపు మా ఎమ్మెల్యేగారు మార్కెట్టుకి వస్తున్నారు. ఆ రత్తమ్మ ఆయనకి దండేస్తుంటే ఒక ఫొటో తియ్యండి. చోటు సంగతి నేను చూసుకుంటాను."

మర్నాడు రత్తమ్మ దండ పట్టుకుని నిలబడింది. తాతాజీ కెమెరా ఎత్తగానే అడిగింది.

"ఈసారి నవ్వాలా, ఏడవాలా బాబుగారూ?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది.

"మీ ఇష్టమండీ" అన్నాడు తాతాజీ. ఆవిడ నవ్వింది. అతను తీశాడు.

వారం తిరక్కుండా చోటు తిరిగొచ్చింది. రత్తమ్మ పండుగప్ప చేప ముక్కలు కోసి, వద్దంటున్నా అతని సంచిలో పెట్టింది. ఇంట్లో భార్య దుర్గాశ్రీ ఎవరిచ్చారని అడిగితే అంతా చెప్పాడు.

"పోన్లెండి, ఆవిడ పనయ్యింది కదా" అంది దుర్గాశ్రీ.

"అయ్యింది. మళ్లీ ప్రభుత్వం మారితే?"

"మళ్లీ మీరే తీస్తారు."

తాతాజీ చొక్కా విప్పి, ఫ్యాను కింద చాపమీద పడుకున్నాడు. చేపల పులుసు కాగింది, అన్నానికి లెమ్మని దుర్గాశ్రీ రెండుసార్లు పిలిచింది. లేవలేదు.