వట్టివేళ్ళ కారులో ఆవకాయ జాడీ

ఈ మధ్య డాక్టర్లకు ఉప్పంటే ఎందుకో పడటం లేదు. మా ఇంట్లో ఇప్పుడు పప్పు, చారు, మజ్జిగ మూడూ ఒకే రుచిలో ఉంటున్నాయి. కళ్ళు మూసుకుంటే ఏది తింటున్నానో చెప్పలేను. ఈ సంగతి అల్లుడి దగ్గర మొరపెట్టుకుందామని మొన్న అతని కారెక్కితే, అతని మొర వేరే ఉంది. ఏసీ మీట ఎంత తిప్పినా గాలి రావడం లేదట. నరసరావుపేటలో ఒక మెకానిక్కు దగ్గర ఆపాం. అతను ముందు సీటు ఎదుట ఉన్న అర ఊడదీసి, దాని వెనక నుంచి జల్లెడలాంటిది ఒకటి బయటికి లాగాడు. దాన్నిండా దుమ్ము, వేపాకు, ఏదో పిట్ట ఈక. "చల్లదనం బానే తయారవతందండీ. వచ్చే దారే మూసుకుపోయింది," అన్నాడు. అల్లుడు అమ్మయ్య అనుకున్నాడు. నాకు మాత్రం మా నాయనమ్మ గుర్తొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి రేషను మాత్రం మిగిలిన రోజులవి. గుంటూరులో కాలేజీ చదువు వెలగబెడుతూ వేసవి సెలవులకు గురజాల వచ్చాను. నరసరావుపేటలో ఉండే నాయనమ్మ చెల్లెలు, అంటే మా చిన్న నాయనమ్మ, మంచం పట్టిందనీ, అన్నం చూపిస్తే మొహం తిప్పుకుంటోందనీ కబురొచ్చింది. అక్క పెట్టిన కొత్తావకాయ అయితే రెండు ముద్దలు తింటానంటోందని ఆ కబురుకి కొసమెరుపు. అది విన్న మరుక్షణం నాయనమ్మ జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టేసి, ప్రయాణానికి కూర్చుంది. మండుటెండ. కిందటేడు వడదెబ్బ తగిలి చావు తప్పించుకున్న మనిషి. మళ్ళీ తగిలితే తన చేతుల్లో లేదని డాక్టరు ముందే చెప్పేశాడు. రైలైతే గుంటూరు చుట్టి రావాలి. ఊళ్ళో ప్లీడరుగారి కారు దొరికింది గానీ దాని దీపాలు వెలగవు, కాబట్టి పగలే పోవాలి. "నేను పోయేలోపు అది పోద్దో, అది పోయేలోపు నేను పోతానో, ముందు బండి కట్టండిరా," అంది నాయనమ్మ.

అప్పుడు రంగంలోకి దిగాడు మా బాబాయి. ఆయన ఫిజిక్సులో బి.ఏ. ఒకటిన్నరసార్లు చదివాడు. కారు వెనక కిటికీలు రెండింటికీ వట్టివేళ్ళ తడకలు బిగించాడు. కారు పైన కిరసనాయిలు డబ్బా కట్టి, అడుగున మేకుతో చిల్లులు పొడిచి, నీళ్ళు తడకల మీదికి కారేలా చేశాడు. కారు పరిగెడుతుంది, గాలి తడి వేళ్ళలోంచి దూరుతుంది, లోపల ఊటీ అవుతుంది. ఇదీ సిద్ధాంతం. ఆ ఊటీ ముందు సీట్లోకి కారిపోకుండా మధ్యలో ఒక పంచె అడ్డం కట్టాడు. వెనక నాయనమ్మ, ఆవిడ పక్కన జాడీ. డిక్కీలో పెట్రోలు డబ్బాలున్నాయి, ఆ వాసన కాయకి పట్టుద్దని నాయనమ్మ దాన్ని అక్కడ పెట్టనివ్వలేదు. ముందు డ్రైవరు సాయిబు, బాబాయి, నేను.

ఊరు దాటాక బాబాయి పంచె ఇవతల నుంచే కేకేశాడు. "అమ్మా, గాలొస్తందా?"

"సన్నగా వస్తందిలేరా."

సన్నగా అన్న మాట బాబాయికి నచ్చలేదు. పంచె పక్కనుంచి చెయ్యి దూర్చి చూసి, పొయ్యిలో పెట్టినట్టు వెనక్కి లాక్కున్నాడు. వేగం చాలలేదన్నాడు. సాయిబు వేగం పెంచితే కారు మొత్తం పళ్ళు కొరికింది. అయితే తడి చాలలేదన్నాడు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర ఆగి బావి నీళ్ళు తోడి బిందెలకొద్దీ గుమ్మరించాం. లోపల నుంచి నాయనమ్మ గొంతు, "ఒరేయ్, చానయింది ఆపండిరా నీళ్ళు!" అని. అల్లాడిపోతున్న మనిషి నీళ్ళెందుకు వద్దంటుందో ఆలోచించే తీరిక ఫిజిక్సుకు లేకపోయింది. తర్వాత తడక దట్టమైందన్నాడు. బయట నిలబడి వేళ్ళు పీకాం. "కొబ్బరి పీచు తీసినట్టు తీస్తన్నారే బాబూ, రేపు ప్లీడరుగారు నన్ను తీస్తారు," అన్నాడు సాయిబు. మళ్ళీ బయల్దేరాం. ఇంకొంత దూరం పోయాక బాబాయి మళ్ళీ అడిగాడు.

"అమ్మా, ఇప్పుడు?"

జవాబు లేదు.

సాయిబు కారాపీ ఆపకముందే బాబాయి దూకి వెనక తలుపు తీశాడు. లోపల నాయనమ్మ కళ్ళు తేలేసి, చెమటకి తడిసి ముద్దయి కూర్చునుంది. రెండు కిటికీల్లోనూ తడకలకి లోపలివైపు దుప్పటి, రెండు చీరలు, నా తువ్వాలు సందు లేకుండా కుక్కి ఉన్నాయి. మేం నీళ్ళు పోసినప్పుడల్లా ఆవిడ ఇంకో గుడ్డ కుక్కింది. జాడీ మాత్రం పొడిగా, హాయిగా ఉంది.

మొహం మీద నీళ్ళు చల్లబోతే చేత్తో తోసింది. ముందు జాడీని దూరం జరపమంది. ఊపిరి తిరిగాక బాబాయి ఏడుపు గొంతుతో అరిచాడు. "చచ్చిపోయేదానివి గదే అమ్మా! చెప్పొచ్చు గదా!"

"ఏం చెప్పేదిరా? తుంపర పడతంది. తడి తగిలితే కాయ బూజు పట్టదా? చెల్లికి బూజు కాయ తీసుకుపోనా?"

"నీ వొళ్ళు సంగతేంది మరి?"

"నా వొళ్ళేమన్నా ఏడాది నిలవుండాలా?"

జాడీ ముందు సీట్లోకి, నా ఒళ్ళోకి వచ్చింది. కిటికీల్లో గుడ్డలన్నీ పీకేశాం. కారు కదిలిన కాసేపటికి పంచె వెనక నుంచి వట్టివేళ్ళ వాసన సన్నగా ముందుకొచ్చింది. బాబాయి ముక్కు ఎగబీల్చి, "చూశావా, వేళ్ళు పీకడం వల్లే," అన్నాడు. వెనక నుంచి చిన్న గురక. కోటప్పకొండ కనపడేదాకా నా కాళ్ళకి ఇంజను సెగ, ఒళ్ళో జాడీ బరువు. అంతకంటే మంచి చల్లగాలి నాకు ఆ తర్వాత ఏ కారులోనూ తగల్లేదు. నిజానికి ఆ రోజు నాకు తగిలింది వాసనే.

చిన్న నాయనమ్మ ఆ ఏడు ఆషాఢం దాటలేదు. నాయనమ్మ చాలా ఏళ్ళు బతికింది. బతికిన ప్రతి వేసవిలోనూ ఆవకాయ కలిపాక, ఒక్క క్షణం ఆగి, ఇంకో గుప్పెడు ఉప్పు వేసేది. ఇంటిల్లిపాదీ చెంబుల కొద్దీ మంచినీళ్ళు తాగేవాళ్ళు గానీ, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నాకు అడగాల్సిన పని లేదు. పోయిన మనిషి నాలుకకి సరిపోయేటట్టు ఏళ్ళ తరబడి వండటం అనేది ఒకటుంటుందని నాకు తెలిసింది అలాగే. ఇప్పుడు ఆ గుప్పెడు వేసే చెయ్యీ లేదు, వేస్తే తినే భాగ్యమూ నాకు లేదు.

నరసరావుపేట చేరిన ఆ సాయంత్రం నేనక్కడే ఉన్నాను. చిన్న నాయనమ్మను లేపి దిండుకి చేర్లబెట్టారు. నాయనమ్మ చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడుచుకుని, వాసెన విప్పి, వేడన్నంలో ఇంత ఆవకాయ, ఇంత నెయ్యి కలిపి ముద్ద నోటికందించింది. అందరం గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. చిన్న నాయనమ్మ నెమ్మదిగా నమిలింది. మింగింది. ఎండకి కమిలిపోయిన అక్క మొహంలోకి కాసేపు చూసి, ఇంకో ముద్దకి నోరు తెరవబోతూ అంది:

"ఉప్పు చాల్లేదే అక్కా."