ఫెర్మీన్ నోటి మాట

మా పోర్తాలెస్ పేటలో ఎక్కడ తింటే బాగుంటుందో సెలూన్ ఫెర్మీన్‌కి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆయన ఎవరికీ నిజం చెప్పడు. రోజూ మధ్యాహ్నం మార్కెట్ వెనక ఒబ్దూలియా బండి దగ్గర, ఎప్పుడూ కూర్చునే స్టూలు మీదే కూర్చుని, కళ్లు మూసుకుని, మొక్కజొన్న రొట్టెల్లో పంది మాంసం చుట్టిచ్చే టాకోలు తింటాడు. తిన్నాక మీసాన్ని నిమ్మచెక్కతో రుద్ది, వాసన పోగొట్టుకుని మరీ సెలూన్‌కి వస్తాడు. గడ్డానికి నురగతో కూర్చున్నవాళ్లు అడిగితే, "ఆ బండా? అక్కడి పచ్చడి తింటే కడుపు చెడిపోతుంది నాయనా!" అంటాడు.

మొన్న ఒబ్దూలియా, "బండి ఎత్తేస్తున్నా బాబాయ్, జనం రావడం లేదు. ఎవరో పాపిష్టివాడు నా పచ్చడి మీద లేనిపోనివి చెప్పాడట, వాడి నోరు పడిపోనూ!" అంది. ఫెర్మీన్‌కి పొలమారింది. ఆ సాయంత్రం కత్తి పట్టుకుని, కుర్చీలో కూర్చున్న ప్రతివాడితోనూ "ఒబ్దూలియా టాకో తినని బతుకూ ఒక బతుకేనా?" అన్నాడు. కత్తి గొంతు మీద ఉండగా కాదనేదెవరు? మర్నాటికి బండి ముందు వరస వీధి మలుపు దాటింది. ఆయన స్టూలు మీద ఎవరో లావుపాటి పోలీసు కూర్చున్నాడు.

"నా గురించి మంచి చెప్పింది నువ్వొక్కడివే బాబాయ్, చల్లగా ఉండు!" అని ఒబ్దూలియా పెనం దగ్గర్నుంచే అరిచింది. వరస చివర నిలబడ్డ ఫెర్మీన్ మీసం దువ్వుకుని, అప్పుడే తన వెనక చేరిన అమ్మాయి వైపు తిరిగి గుసగుసగా అన్నాడు: "పచ్చడితో జాగ్రత్త తల్లీ, కడుపు చెడిపోతుందట."