నాయనకు ముగింపు నచ్చలేదంట

1976లో నన్ను చిత్తూరుకు బదిలీ చేశారు. మార్కెట్టు వెనక వీధిలో రెండు గదుల చిన్న గ్రంథాలయం. ముందు గదిలో పేపర్లు, లోపలి గదిలో బీరువాలు, మధ్యలో నా బల్ల. పక్కనే బెల్లం మండీలు కాబట్టి పేపరు మడతల్లో కూడా చీమలుండేవి. ‘మీ ఉద్యోగంలో ఏముంటుందండీ, కూర్చుని పుస్తకాలివ్వడమేగా’ అనేవాళ్ళకు నేను ఈ సంగతి చెబుతుంటాను. ఇందులో నేను గొప్పగా చెప్పుకోవలసింది ఏమీ లేదు.

నేను చేరిన కొత్తలోనే మండీ యజమాని మునిరత్నం శెట్టి కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు వసంత, పదకొండేళ్ళు. మా దగ్గర పిల్లల పేరు మీద కార్డు ఇవ్వం, తండ్రి పేరు మీదే ఇస్తాం. బారోయర్ కార్డు అంటే, మనిషి తీసుకున్న ప్రతి పుస్తకం పేరూ తేదీ రాసుకునే అట్ట. అది మా దగ్గరే ఉంటుంది. శెట్టి సంతకం పెట్టి, “పాపకు బొమ్మల కథలియ్యండి సార్, సెలవుల్లో ఈదులెంబడి తిరక్కుండా ఉంటాది” అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

వసంత బొమ్మల కథలన్నీ ఊదేసింది. తర్వాత జానపద కథలు, వేట కథలు. రెండేళ్ళు తిరిగేసరికి పిల్లల బీరువా ఖాళీ. ఒకరోజు ఒక డిటెక్టివ్ నవల తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఇది ఎవరికమ్మా అని అడిగాను. ఆ అడగడమే నేను చేసిన మొదటి తప్పని ఇప్పుడనిపిస్తుంది. “నాయనకు సార్” అంది, తలెత్తకుండా. నేను నమ్మాను. కార్డు ఆయనదే, నమ్మకేం చేస్తాను?

డిటెక్టివ్‌లు ఏడాది నడిచాయి. తర్వాత కుటుంబ నవలలు, ఆ తర్వాత నేను కూడా ఆగి ఆగి చదవాల్సిన పెద్ద నవలలు. శెట్టి ఎంత ఎదిగాడో అని నేను మురిసిపోయాను. బెల్లం తూచుకునే మనిషి ఇన్ని చదువుతున్నాడా అని, కార్డు తీసి మళ్ళీ మళ్ళీ చూసుకునేవాణ్ణి. చదివే మనిషి మారుతున్నాడనుకున్నానే గానీ, ఒక పిల్ల పెరుగుతోందని నా బుర్రకు తట్టలేదు.

పైగా నేనే పుస్తకాలు ఏరి, మీ నాయనకివ్వమని పంపేవాణ్ణి. వారానికల్లా ఆయన అభిప్రాయం వచ్చేది. ఒక నవలలో ఇల్లొదిలి పోయిన మొగుడు పదేళ్ళకు తిరిగొస్తే, పెళ్ళాం తలుపు తీసి కాళ్ళకు నీళ్ళిస్తుంది.

“నాయనకు ముగింపు నచ్చలేదంట సార్. ఆ యమ్మ తలుపు తీయకుండా ఉండాల్సిందంట.”

నేను ఊరుకుంటానా? ఇల్లు మొగుడిది, తలుపు తీయకపోతే ఆమె ఎక్కడికి పోతుందో మీ నాయన్నే అడుగు అన్నాను. తర్వాతి వారం పుస్తకం బల్ల మీద పెడుతూ జవాబు చెప్పింది.

“పోయేదానికి చోటు లేకుంటే తీసేయాల్సిందేనా అని మిమ్మల్నే అడగమన్నాడు సార్.”

ముప్పై ఏళ్ళ సర్వీసులో పుస్తకాల గురించి నాతో అంత బాగా వాదించిన మనిషి ఇంకొకరు లేరు. ఆ మనిషి ఎవరో తెలియకుండానే మూడేళ్ళు గడిచిపోయాయి.

1981లో ఒక ఉదయం ఇంట్లోకి బెల్లం కోసం శెట్టి మండీకి పోయాను. నలుగురు బేరగాళ్ళు, ఇద్దరు హమాలీలు ఉన్నారు. నా నోటి దూల ఊరుకోలేదు. శెట్టిగారూ, ఆ నవల ముగింపు గురించి మీరన్నదే నిజం, ఈ ఊళ్ళో మీలాంటి పాఠకుడు లేడు అన్నాను.

ఆయన నవ్వాడు. “నేనా? పేపరు కూడా మా గుమస్తానే సదివి చెప్పాలప్పా.”

అది వినయమనుకున్నాను నేను! ఉండండి అని గ్రంథాలయానికి పోయి, ఒకదానికొకటి కుట్టిపెట్టిన ఆయన కార్డులన్నీ తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క పేరే కూడబలుక్కున్నాడు. బేరగాళ్ళలో ఒకడు, శెట్టి నవల్లు చదువుతుండాడే అని నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. శెట్టి ముఖం మాడిపోయింది. కార్డులు నా చేతికిచ్చి, “ఇంక దీని మీద ఏమీ రాయొద్దు సార్” అన్నాడు, నెమ్మదిగా. అప్పుడు అర్థమైంది నాకు. అర్థమై ఏం లాభం?

మర్నాడు హమాలీ ఒకడు వసంత దగ్గరున్న చివరి నవల తెచ్చిచ్చాడు. నూట పన్నెండో పేజీ మూల మడత పెట్టి ఉంది. వసంతకప్పుడు పదహారేళ్ళు. వీధిలో ఎదురుపడితే తల దించుకుని పోయేది. నీ తప్పేమీ లేదమ్మా అని ఒక్క మాట అనలేకపోయాను. మీ కూతురు రత్నమయ్యా, చదవనివ్వు అని శెట్టితో చెప్పి ఉండొచ్చు. మండీ దాకా రెండుసార్లు పోయి, బెల్లం కొనుక్కుని వచ్చేశాను. పిరికితనం, ఇంకేముంది. ఆ తర్వాత ఎవరేం చదువుతున్నారో ఇంకొకరికి చెప్పలేదు. తండ్రులు అడిగారు, మొగుళ్ళు అడిగారు. తెలియదనే అన్నాను.

1989లో నేను తిరుపతిలో ఉన్నాను. ఒక సాయంత్రం ఆరేళ్ళ పాపతో ఒకామె వచ్చింది. నేను గుర్తుపట్టేలోపే, “బాగుండారా సార్” అంది. వసంత. పెళ్ళయి ఏడేళ్ళట, ఇల్లు ఇక్కడేనట. పాపకు బొమ్మల కథలు కావాలంది. కార్డుకు పాప తండ్రి పేరు చెప్పబోతే వద్దన్నాను. వసంత పేరే రాసి, సంతకం పెట్టించాను. నువ్విప్పుడేం చదువుతున్నావమ్మా అని అడిగాను.

“ఏం లేదు సార్. పుస్తకం పట్టుకుంటే ఎవురన్నా వస్తుండారేమోనని తలుపు కల్లే సూస్తా ఉంటా. ఇంక సదివేది యాడ?”

హమాలీ తెచ్చిచ్చిన ఆ చివరి నవల ఇక్కడి బీరువాలోనూ ఉంది. తీసి, నూట పన్నెండో పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను. నావల్లే నువ్వు ఇక్కడ ఆగిపోయావు, తీసుకుపో అన్నాను. ఎనిమిదేళ్ళుగా నోట్లోనే ఉండిపోయిన మాట అది. ఆమె నాలుగు వరుసలు చదివింది. ఒకసారి తలుపు వైపు చూసింది. పుస్తకం మూసి నా వైపు జరిపింది.

“చివరికేమైనాదో మీరే చెప్పేయండి సార్. చాలు.”

చెప్పాను. నాలుగు మాటల్లో అయిపోయింది. వసంత తలూపింది. ముగింపు నచ్చలేదని అంటుందేమోనని నేను ఆగాను. ఆమె పాప చెయ్యి పట్టుకుని, వస్తాను సార్ అని చెప్పి వెళ్ళిపోయింది.