అత్త పాట, ఏరియల్ తీగ

మా ఇంట్లో నెట్ ఆగిపోయినప్పుడల్లా మా అమ్మాయి కంప్యూటరు పక్కనున్న పెట్టెను ఆపి మళ్ళీ వేసి, దాని ఎర్రదీపం పచ్చగా మారేదాకా విసుక్కుంటూ కూర్చుంటుంది. నేను మాత్రం ఆ పెట్టె వెనకనుంచి బయల్దేరిన తీగను పట్టుకొని, గోడ వెంబడి కిటికీ దాకా, కిటికీలోంచి బయటికి, వేళ్ళతో తడుముకుంటూ పోతాను. "చేత్తో పట్టుకుంటే వస్తుందామ్మా?" అని నవ్వుతుంది. రాదని నాకూ తెలుసు. కానీ ఎండకు కాగిన తీగ వాసన ముక్కుకు తగిలిందంటే నేను ఎమ్మిగనూరులో మా మట్టిమిద్దె మీద ఉన్నట్టే.

డెబ్భైల చివరి మాట. మా వీధిలో తెల్లవారకముందే మగ్గాలు మొదలయ్యేవి. పొద్దెక్కకముందే మగ్గానికెక్కించే నూలు పడుగులు వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వేవాళ్ళు. ఆ పులిసిన గంజి వాసన, పక్కింట్లో కాలుతున్న జొన్నరొట్టె వాసన, పండగ పూటైతే మా అవ్వ చేసే బొరుగుల ఉగ్గాని తిరగమోత ఘుమఘుమ అన్నీ కలిసి వీధిలో తిరుగుతుంటే, మేము పడుగుల కింద దూరి దాగుడుమూతలు ఆడి తిట్లు తినేవాళ్ళం. ఇంట్లో గూట్లో అల్లిక గుడ్డ కప్పుకొని రేడియో ఉండేది. దాన్ని ముట్టుకునే హక్కు తాతదే. మీట వేసిన కాసేపటికిగానీ అది నోరు విప్పేది కాదు. గాల్లోంచి మాట ఇంట్లోకి ఎట్లా వస్తుందన్నది నాకు తెగని వింత. మిద్దె మీద రెండు వెదురు కర్రల మధ్య కట్టిన ఏరియల్ తీగ వెంట వస్తుందని నాన్న చెబితే, మాటలు పాకుతూ కనపడతాయేమోనని ఎండలో దాని కింద నిలబడి చూసేదాన్ని.

నాన్నకు అక్క నాగమ్మత్త. పక్క సందులోనే కాపురం, పగలంతా మా ఇంట్లోనే రాట్నం తిప్పేది. నూలు కండెలు చుడుతూ ఆమె పాట ఎత్తుకుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అందుకునేవాళ్ళు. వాళ్ళలో ఎవరైనా ఎత్తుకుంటే అత్త అందుకునేది. మామ మాత్రం ఆమెది బొంగురు గొంతని పెళ్ళయిన నాటినుంచీ ఆటపట్టించేవాడు. అత్త పైకి నవ్వేసేది గానీ ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉండేది. అలాంటిది ఒకసారి కడప నుంచి రేడియో వాళ్ళు వచ్చి, అత్త చేతా ఆ ఆడవాళ్ళ చేతా రాట్నం పాట పాడించుకొని, ఫలానా సాయంత్రం వేస్తామని చెప్పి పోయారు.

"నా గొంతు నాకు యాడ ఇనపడుతుంది సెప్పు? ఆ పొద్దు రేడియోలో ఇంటా. బొంగురో కాదో నేనే తేలుస్తా," అని అత్త మా అవ్వతో అంది.

ఆ వారంలోనే ఆషాఢం గాలి ఏరియల్‌ను తెంపి, సగం తీగను ఎటో ఎగరేసుకుపోయింది. తాత నూలు కోసం ఆదోని పోయినప్పుడు మోటార్లకు తీగ చుట్టే అంగట్లో కొంచెం రాగితీగ అడిగి తెచ్చి, వేళ్ళు గంజిలో తడుపుకొని, తెగిన పోగును అతికినట్టే మెలిపెట్టి అతికాడు. తాత అతుకంటే వీధిలో పేరు. ఆయన అతికిన చోటు వేలితో తడిమినా దొరకదనేవాళ్ళు. అతుకు చక్కగా కుదిరింది, రేడియోలో మాత్రం గరగర తప్ప ఏమీ రాలేదు.

ఇక ఇంట్లో అందరూ వైద్యులే. ఎర్త్ తీగ పాతిన చోట నేల ఎండిపోయిందని అమ్మ కడివెడు నీళ్ళు పోసింది. పిండిమర మోటారు వల్లనేనని నాన్న పోయి దాన్ని కాసేపు ఆపించాడు. లోపల బల్లి దూరిందని అవ్వ, నెత్తిన ఒకటి పెడితే దారికొస్తుందని మామ. తీగ సంగతి ఎవరూ ఎత్తలేదు. తాత అతికాక దాన్ని అనుమానించాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచదు.

పాట వేసే సాయంత్రం అత్త తల దువ్వుకొని, ట్రంకుపెట్టెలోని చీర తీసి కట్టుకొని వచ్చి గూటికెదురుగా కూర్చుంది. అదే గరగర. నేను ఊరికే ఉండలేక కిటికీ దగ్గర తీగ పట్టుకున్నాను. రేడియోలో మాట ఒక్కసారి పైకి లేచింది. వదిలితే పడిపోయింది. మిద్దె ఎక్కి, తీగను పట్టుకుంటూ వదులుతూ ముందుకు పోయాను. పట్టుకున్నప్పుడల్లా వెలుతురు కోసం మిద్దెకప్పులో వదిలిన గవాక్షిలోంచి కింది మాట పెద్దగా వినపడుతోంది. తాత అతుకు దాటి పట్టుకున్నాను. ఏమీ మారలేదు. వెనక్కొచ్చి మళ్ళీ పట్టుకొని చూశాను.

"తాతా, ఈడిదాంకా పలుకుతాంది. నీ అతుకు దాటితే పలకల్యా," అని గవాక్షిలోంచి చెప్పాను.

తాత నిచ్చెనెక్కి వచ్చి, అతుకు విప్పి, కొత్త తీగ కొసను గోటితో గీరాడు. రాగిని పాత తీగకు తగలనీయకుండా కప్పిన, కంటికి ఆనని పూత ఒకటి పొట్టులా లేచి, దాని కింద రాగి తళుక్కుమంది.

"నూలుకు లేని తోలు దీనికుండాది పాపా," అన్నాడు. గొంతులో కోపం లేదు, నాకున్న వింతే ఆయనకూ. మొలతాడుకున్న చిన్న కత్తి తీసి గబగబా కొస గీకి మళ్ళీ మెలిపెట్టాడు.

రేడియో గలగలా పలికింది. అప్పటికే పాట నడుస్తోంది. నేను పరుగున దిగివచ్చేసరికి పెట్టెలో అత్త గొంతే ఎత్తుకుంటోంది, ఆడవాళ్ళు అందుకుంటున్నారు, వాళ్ళతో పాటు గూటికెదురుగా అత్త కూడా కళ్ళు మూసుకొని పాడేస్తోంది. కుడిచెయ్యి అక్కడ లేని రాట్నాన్ని తిప్పుతోంది. "నాగీ, ఊరకుండి ఇనే," అని అవ్వ తొడమీద చరిచినా ఆగలేదు. పాట అయిపోయి, ఎవరో పంటల గురించి చెప్పడం మొదలుపెట్టాక అత్త కళ్ళు తెరిచింది.

"అయిపాయనా?" అంది. "పాట ఇనపడితే నోరు యాడ ఆగుతుందప్పా," అని నా దిక్కు తిరిగింది. "పాపా, ఎట్లుండాది నా గొంతు?"

"బాగుండాదత్తా," అన్నాను. మామ కూడా ఆ పూట బొంగురని ఆటపట్టించలేదు.

ఆ పాట మళ్ళీ వేసినారో లేదో మాకు తెలియదు. ఇప్పుడు ఆ వీధిలో పడుగులు సాగదీసేవాళ్ళు లేరు. మట్టిమిద్దెలు, గవాక్షులు పోయి సిమెంటు మేడలు లేచాయి. పసిబిడ్డ తుమ్మినా ఫోనులో పట్టి దాచుకుంటున్న ఈ రోజుల్లో మా అత్త గొంతు మాత్రం ఎక్కడా లేదు. అది ఎట్లాంటిదో తనకు తెలియకుండానే ఆమె పోయింది. నాకు తెలుసు. అది బొంగురు గొంతే. దాన్ని ఇంకొక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.