గడి ముందు చెప్పులు

మొగిలి మొండితనం గురించి ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా మిర్చి బస్తాలతో పాటు తనూ ట్రాలీ ఎక్కి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోవలసిందే, ధర తన చెవులతో వినవలసిందే. అలాంటి మనిషి పాత దొరల గడి దగ్గరికి రాగానే చెప్పులు విప్పి చేత పట్టుకుంటాడు, గడి దాటాక తొడుక్కుంటాడు. లోపల దొరా లేడు, దొర మనవలూ లేరు. గోడ సగం కూలి తుమ్మచెట్లు మొలిచాయి. అయినా సరే!

ఊరు ఇన్నేళ్లూ నవ్వి ఊరుకుంది. కానీ మొగిలికి షుగరు. నిరుడు ఆ గడి ముందే తుమ్మముల్లు దిగి, పుండు ముదిరి, కుడికాలి వేలొకటి తీసేశారు. ఇంకో పుండు పడితే పాదమే పోతుందని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. అప్పటి నుంచి కోడలు వినోదకు కంటి మీద కునుకు లేదు. మెత్తటి చెప్పులు కొనిచ్చింది. మహానుభావుడు వాటినీ చేతబట్టుకునే నడిచాడు.

"మామా, నీకు దండం బెడ్త. ఎవ్వలు లేని గోడలకు గింత భయమేంది?"

"భయం గాదే. అలవాటైంది, అంతే."

అబద్ధం. భయమే. మొగిలి చిన్నప్పుడు, తప్పిపోయిన ఎద్దును వెతికే తొందరలో అతని తండ్రి చెప్పులతో గడి దాటాడు. దొర మనుషులు ఆ చెప్పులే ఆయన నెత్తిన పెట్టించి పొద్దుగూకే దాకా ఎండలో నిలబెట్టారు. మొగిలి అదంతా చూశాడు. ఎవరికీ చెప్పలేదు.

వరంగల్‌లో డిగ్రీ చదివే మనవరాలు కావ్య ఆదివారం ఇంటికొచ్చింది. తల్లిలా మొత్తుకోలేదు. తాత పక్కన మంచం మీద కూర్చుంది.

"తాతా, గడి అంటే ఏందో ఎరుకేనా?"

"దొర ఇల్లు."

"గాదు. గఢ్ అంటే కోట, గఢీ అంటే చిన్న కోట. హిందీల, ఉర్దూల ఉన్న మాటనే మనం గడి అంటాన్నం. దొరలు గోడలు, బురుజులు కట్టుకున్నరు గద, అందుకే గా పేరు."

"చిన్న కోటనా?"

"చిన్నదే. మరి వరంగల్ కోటల చెప్పులు ఇడిచినవా?"

మొగిలి ఆలోచనలో పడ్డాడు. మిర్చి అమ్మిన రోజుల్లో ఆ కోటంతా చెప్పులతోనే తిరిగాడు. రాతి తోరణం నీడన కూర్చుని సద్ది కూడా తిన్నాడు. ఒక్కరూ ఏమనలేదు.

"ఓర్నీ! రాజుల కోటల దర్జాగ తిరిగి, గీ పిల్లకోట కాడ ఇడుస్తాన్ననా!" అని పగలబడి నవ్వాడు.

నవ్వడం తేలికే. తెల్లారి గడి ముందుకొచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. నడుం వంగింది, చెయ్యి చెప్పు మీదికి పోయింది. వెనకే వస్తున్న వినోద అరవబోతే కావ్య ఆమె చెయ్యి పట్టుకుంది. మొగిలి మెల్లగా నడుం ఎత్తాడు. గోడ వైపు చూడకుండా, చెమటలు కారుతుండగా, చెప్పులతోనే నడిచాడు.

గడి దాటాక కల్వర్టు మీద కూలబడి, చంటిపిల్లాడిలా బావురుమన్నాడు.

"ఏమైంది మామా?" వినోద పరుగెత్తుకొచ్చింది.

"ఏం గాలే బిడ్డా," అన్నాడు మొగిలి. "ఏమీ గాలే. మా నాయిన గిట్ల ఒక్కపారి గూడ నడ్వకుంటనే పోయిండు."